రెండు చక్రాలూ నేలమీదే!

మొన్న గుంటూరులో సెకండ్ షో వదిలాక ఓ కుర్రాడు హాలు బయట తన బండి ముందు చక్రం గాల్లోకి లేపాడు. స్నేహితులు ఈలలు, చప్పట్లు! అందరూ వాణ్ణి చూస్తుంటే నేను మాత్రం నా కుడి భుజం తడుముకున్నాను. ఎందుకంటారా? ఆ భుజానికో కథ ఉంది. ఈ వారం అదే చెబుతాను, వినండి.

ఇప్పుడంటే మీకు 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఉంది, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 ఉంది. తారు రోడ్డైనా, కొండదారైనా ఒకే బండి! మా కుర్రతనంలో అలాంటి బండిని తెరమీద చూసి సంబరపడ్డమే. 1973లో 'బాబీ' వచ్చాక, రిషికపూర్ నడిపిన ఆ చిట్టి రాజ్‌దూత్‌ని జనం బాబీ బండి అనే పిలిచారు. 1975లో 'షోలే' వస్తే సైడ్‌కార్ కట్టిన బి.ఎస్.ఎ. మీద మనసు పడ్డాం. కానీ నన్ను నిద్రపోనివ్వకుండా చేసింది మాత్రం విజయవాడలో ఓ ఆదివారం మార్నింగ్ షోలో చూసిన 'ది గ్రేట్ ఎస్కేప్'. అది 1963 నాటి సినిమా. జర్మన్ల చెర తప్పించుకున్న స్టీవ్ మెక్వీన్, మోటారు సైకిల్‌తో ముళ్ళకంచె మీదుగా ఒక్క దూకు దూకుతాడు! హాలు దద్దరిల్లిపోయింది. నేను ఆ రోజే అనుకున్నాను - ఎప్పటికైనా నేనూ దూకాలి అని.

1981లో పైచదువుకని కాలిఫోర్నియాలో శాన్ హోసే చేరాను. మరుసటి ఏడాది, కాంటీన్‌లో ప్లేట్లు కడిగి కూడబెట్టిన ఆరువందల డాలర్లు పెట్టి 1978 మోడల్ హోండా ఎక్స్.ఎల్. 250 ఎస్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నా గదిలో ఉండే నెల్లూరు మిత్రుడు చూసి, "గురూ, ఇది బండా, ఒంటా?" అన్నాడు. వాడి తప్పేం లేదు లెండి. నాది అయిదడుగుల నాలుగంగుళాల విగ్రహం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా సీటు మీంచి ఓ పక్కకి జారితే తప్ప కాలు నేలకి ఆనేది కాదు.

కానీ ఏం బండి అది! 248 సీసీ ఇంజను, ఒకే సిలిండర్, దానికి నాలుగు వాల్వులు, అయిదు గేర్లు. సెల్ఫ్ స్టార్టరు లేదు, కిక్కు కొట్టాల్సిందే. వెనక చక్రం 18 అంగుళాలు, ముందు చక్రం ఏకంగా 23 అంగుళాలు! ఈ జాతి బళ్ళకి ముందు 21 అంగుళాల చక్రం ఉండడం మామూలు. చక్రం పెద్దదైతే రాళ్ళూ గుంటలూ సులువుగా దాటుతుందని ఆ రోజుల్లో అలా చేశారు. తర్వాత ఆ సైజు నిలవలేదు. ఇవాళ ఆ టైరు కోసం పాత బళ్ళ ప్రియులు కళ్ళు కాయలు కాచేలా వెతుక్కుంటున్నారు.

లైట్లూ, ఇండికేటర్లూ, నంబరు ప్లేటూ ఉన్నాయి కాబట్టి కాలేజీకి వెళ్ళొచ్చు. గుబ్బల టైర్లు, ఎత్తయిన మడ్‌గార్డు, పొడుగాటి సస్పెన్షన్ ఉన్నాయి కాబట్టి కొండా ఎక్కొచ్చు. రోడ్డు మీద పెద్ద బళ్ళు దాన్ని దాటి పోయేవి. మట్టిలో అసలైన రేసు బళ్ళూ దాటి పోయేవి. అయినా వీళ్ళ దారిలోకి వాళ్ళు రాలేరు, వాళ్ళ దారిలోకి వీళ్ళు పోలేరు. మా బండి ఒక్కటే రెండుచోట్లా తిరిగొచ్చేది. తెనాలికీ అమెరికాకీ మధ్య ఊగుతున్న నాకు అది భలే నచ్చింది సుమండీ!

మా వీధిలో ఓ ముసలి మెకానిక్ ఉండేవాడు. కిక్కు కొట్టే విద్య ఆయనే నేర్పాడు. పెడల్ మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా అడ్డుతగులుతుంది. అంటే పిస్టన్ పైకొచ్చి గాలిని బిగబట్టిందన్నమాట. దాన్ని కొంచెం దాటించి, అప్పుడు చివరిదాకా ఒకే ఊపులో తన్నాలి. అది తెలియక నేను వారం రోజులు ఆవేశంగా తన్నాను. బండి నన్ను తిరిగి తన్నింది!

శాన్ హోసేకి దక్షిణాన హోలిస్టర్ అనే ఊరుంది. 1947లో అక్కడ మోటారు సైకిల్ కుర్రాళ్ళు చేసిన గలభాయే, 1953లో మార్లన్ బ్రాండో ట్రయంఫ్ బండి ఎక్కిన 'ది వైల్డ్ వన్' సినిమాకి మూలం. ఆ ఊరి పక్క కొండల్లో ఇలాంటి బళ్ళు నడుపుకోవడానికి ప్రభుత్వమే చోటిచ్చింది. ఆదివారం వస్తే నేనక్కడే. ఎండుగడ్డి కొండలు, ఓక్ చెట్లు, ఎర్రదుమ్ము... పొలం గట్లమీద సైకిలు తొక్కిన రోజులు గుర్తొచ్చేవి.

1983లో ఓ ఆదివారం. ఓ మట్టిదిబ్బ కనబడింది. అవతల నలుగురు కుర్రాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఇంకేం, నాలో మెక్వీన్ మేలుకున్నాడు! యాక్సిలరేటర్ తిప్పాను. లేచింది... నిజంగానే లేచింది! ఆ అరక్షణం నేను హీరోని. మరుక్షణం బండి ఓ పక్క, నేనో పక్క. కుడి భుజం ఎముక రెండు ముక్కలు. తప్పు బండిది కాదు, కొండదీ కాదు. నూటికి నూరుపాళ్ళూ నాదే.

అసలు చిక్కు ఆ తర్వాతే. నాన్న హైస్కూలు లెక్కల మాస్టారు. బస్సులో తిరుగుతున్నానని రాశానేగానీ, బండి సంగతి చెప్పనే లేదు. వారంవారం ఉత్తరం వెళ్ళాలి. మానేస్తే అమ్మ బెంగపెట్టుకుంటుంది. ఎడమచేత్తో కుస్తీపట్టి నాలుగు ముక్కలు రాసి పంపాను. జవాబు వచ్చింది: "నీ అక్షరాలు ఎడమకు వాలాయి. కుడిచేతికేమైంది?"

దాచలేకపోయాను. సినిమా సంగతితో సహా అన్నీ రాసేశాను. తిట్లకి సిద్ధపడి ఏరోగ్రామ్ విప్పితే, ఒక్క తిట్టూ లేదు. ఇదీ ఆయన రాసింది: "అమ్మకు చెప్పలేదు. ఆ సినిమాలో దూకినతను ఆ పని ఎన్నేళ్ళు నేర్చుకున్నాడో కనుక్కుని నాకు రాయి."

మాస్టారు కదా, హోంవర్కు ఇచ్చారు! కట్టుతోనే లైబ్రరీకి వెళ్ళి పాత పత్రికలు తిరగేశాను. తెలిసిందేమిటో తెలుసా? కంచె దూకింది మెక్వీన్ కాదు! ఆయన స్నేహితుడు బడ్ ఎకిన్స్. మట్టిదారుల పందేల్లో పేరుమోసిన మనిషి. మెక్వీన్ కూడా మంచి రౌతే. 1964లో తూర్పు జర్మనీలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీకి వాళ్ళిద్దరూ అమెరికా జట్టులో వెళ్ళారు. అంత వచ్చినవాడు కూడా ఆ ఒక్క దూకు మాత్రం స్నేహితుడికి వదిలాడు. మరి నేనో? ఏడాది కిందట కిక్కు కొట్టడం రానివాణ్ణి!

ఉన్నదున్నట్టు నాన్నకి రాశాను. భుజం అతికాక ముసలి మెకానిక్ దగ్గర మళ్ళీ ఓనమాలు మొదలుపెట్టాను. ఫుట్‌రెస్టుల మీద నిలబడాలి. మోకాళ్ళు వదులుగా ఉండాలి. హ్యాండిల్‌ని పీక పిసికినట్టు పట్టుకోకూడదు. "రాయిని చూశావా, రాయిమీదికే పోతావు. వెళ్ళాల్సిన దారి చూడబ్బాయ్" అనేవాడాయన. పదిమైళ్ళ వేగంలో పడకుండా కొండ దిగడం ఎంత కష్టమో, ఎంత ఆనందమో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రెండేళ్ళు నేను పొందిన సుఖం మరే వాహనం మీదా పొందలేదు.

1985లో చెల్లాయి పెళ్ళి కుదిరింది. టిక్కెట్టుకి డబ్బు చాలక బండి అమ్మేశాను. కొన్నవాడు పందొమ్మిదేళ్ళ కుర్రాడు, ఆరడుగులవాడు. కిక్కు ఎలా కొట్టాలో చూపించాను. మట్టిదిబ్బల సంగతీ చెప్పాను. వాడు విన్నాడో లేదో! సందు మలుపు తిరిగినా ఆ ఇంజను చప్పుడు కాసేపు వినబడుతూనే ఉంది.

నాన్న ఆ బండిని చూడనే లేదు. అంతకుముందెప్పుడో కొండమీద దాని పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి పంపాను, అంతే. ఆయన పోయాక పుస్తకాలు సర్దుతుంటే లెక్కల పుస్తకంలో ఆ ఫోటో దొరికింది. వెనక ఎర్రసిరాతో, పేపర్లు దిద్దే చేత్తో రాసుకున్నారు: "రెండు చక్రాలూ నేలమీదే ఉన్నాయి. పాసు."

హాలు బయట ఆ కుర్రాడికి ఇదంతా చెప్పలేకపోయాను. వాడీ పత్రిక చదువుతాడేమోనని ఆశ!