తాళాల గుత్తి మహిమ

ప్రార్థన సగంలో ఉండగా ఏడో తరగతి పిల్లవాడు కొయ్యబారి పడిపోతాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, నోట నురగ. "ఫిట్స్! ఫిట్స్!" అని కేకలు. హెడ్‌మాస్టరు గారి బీరువా తాళాల గుత్తి పరుగున వచ్చి వాడి గుప్పిట్లో చేరుతుంది. ఒకరు ఉల్లిపాయ కోసం ఉరుకుతారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా దూర్చబోతారు. ఒకటి రెండు నిమిషాల్లో కుదుపులు ఆగుతాయి. పేరు తాళాలకు దక్కుతుంది. చాలాసార్లు ఫిట్స్ వాటంతట అవే అంతలో ఆగుతాయన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికి కావాలి?

తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, బెంచీలు పక్కకు జరిపి, కుదుపులు తగ్గాక పిల్లవాణ్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే చాలు. నోట్లో ఏమీ పెట్టకూడదు. గడియారం మాత్రం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

ఇవి కంటికి కనబడే ఫిట్స్. కనబడనివి పిల్లల చదువును ఇంకా ఎక్కువ తినేస్తాయి. ఆబ్సెన్స్ ఫిట్స్ అంటారు. పిల్ల పడిపోదు, వణకదు. పది సెకన్లపాటు శూన్యంలోకి చూస్తుంది, రెప్పలు టపటపలాడతాయి, అంతే. కొందరికి రోజుకు పదుల సార్లు వస్తాయి. టీచరు దానికి పెట్టే పేరు పరధ్యానం. అలాంటి పిల్ల డిక్టేషన్ నోటు తిరగేస్తే వాక్యం మధ్యలో రెండు మూడు మాటలు మాయమై, ఆ తర్వాత మళ్లీ శుభ్రంగా సాగడం కనబడవచ్చు. దానికి ఎర్రసిరా, చెవి మెలిపెట్టడం! వైద్యులైతే మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు. చాలామంది పిల్లల్లో అప్పుడే ఫిట్ బయటపడుతుంది.

మందులు సరిగ్గా పడితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మందులు కొందరికి మగతనిస్తాయి, ఉదయం పూట మొదటి పీరియడ్ మబ్బుగానే గడుస్తుంది. నిద్ర చాలకపోతే ఫిట్స్ తిరగబెడతాయి. రాత్రి పదకొండుకు లైట్లార్పి తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేపే ఇంటర్ హాస్టళ్లకు ఈ మాట ఎవరు చెప్పాలి?

తల్లిదండ్రులు చెప్పరు. చెబితే సీటివ్వరేమో, టీసీ చేతిలో పెడతారేమో, ఆడపిల్లయితే రేపు సంబంధాలు రావేమో. ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 1999 దాకా హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ ఒక అడ్డంకిగా ఉండేది. దాన్నిప్పుడు తీసేశారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. అయితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 రకాల వైకల్యాల్లో మూర్ఛ పేరు విడిగా లేదు. పరీక్షలో అదనపు సమయం అడగడానికి ఆ కుటుంబానికి సూటైన దారి దొరకదు. సర్కారు సవరించాల్సింది ఇక్కడ.

అప్పటిదాకా బడి చేయగలిగింది ఒకటుంది. జూన్‌లో ప్రతి పిల్ల తల్లిదండ్రులనూ ఒక పేజీ రాసివ్వమనాలి: ఎలాంటి ఫిట్స్, ఏ మందు, ఏ వేళకు, ఎవరికి ఫోన్ చేయాలి. ఆ పేజీ క్లాస్ టీచరు దగ్గరుండాలి, బీరువాలో కాదు.