పోలీసులు రాని పోలీస్ యాక్షన్

అట్టారీ సరిహద్దులో సాయంత్రం జరిగే డ్రిల్లు చూసి, వీడియో తీసి, స్టేటస్ పెట్టుకునే హైదరాబాదీలకు ఒక ప్రశ్న. విజయవాడ హైవే మీద కోదాడ దాటాక వచ్చే సరిహద్దు దగ్గర ఎప్పుడైనా కారు ఆపారా? చెక్‌పోస్టులో పోలీసు ఆపితే కాదు, మీ అంతట మీరు?

ఆ గీత 2014లో కొత్తగా పుట్టిందేం కాదు. 1948లో కూడా దాదాపు అక్కడే అటు భారతదేశం, ఇటు నిజాం రాజ్యం. ఆ సెప్టెంబర్ 13న భారత సైన్యం ట్యాంకులతో, విమానాల అండతో ప్రధానంగా షోలాపూర్ వైపు నుంచి, మరో దళంగా విజయవాడ వైపు నుంచి లోపలికొచ్చింది. ఐదో రోజుకి, 17న, నిజాం చేతులెత్తేశాడు.

దీనికి మనం పెట్టుకున్న పేరు 'పోలీస్ యాక్షన్'. వచ్చింది పోలీసులు కాదు, సైన్యం. కానీ అప్పటికే నిజాం ఐక్యరాజ్యసమితి తలుపు తట్టాడు. యుద్ధం అంటే ఎదుట ఉన్నది ఇంకో దేశమని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఆ మాట. ఢిల్లీ అవసరం అర్థమవుతుంది. కథలో ఒక్క మాట వెనక రాజకీయాన్ని పేజీలకొద్దీ తవ్వే మనం, డెబ్బై ఏళ్లు దాటాక కూడా ఈ మాటని ప్రశ్నించకుండా వాడటమే అర్థం కాదు.

యుద్ధం కాకపోతే యుద్ధస్మారకం అక్కర్లేదు కదా. అందుకే మా వైపు ఉన్నవి చాలావరకు చిన్న చిన్న స్తూపాలే. మా బోయినపల్లి నుంచి పొద్దున బండి మీద బయల్దేరితే హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టలు చూసి మధ్యాహ్నం తిండికి ఇల్లు చేరొచ్చు. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకర్ రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల దళం నిజాం బలగాలతో పోరాడి చనిపోయింది అక్కడే. అనభేరిది దొరల కుటుంబం. అయినా పటేల్, పట్వారీల దస్త్రాలు తగలబెట్టించాడు. ఇంకొంచెం దూరం పోతే బైరాన్‌పల్లి. ఆ ఆగస్టు 27న బురుజెక్కి రజాకార్లను ఎదిరించి, నెత్తురు మడుగైన ఊరు.

సరిహద్దు దాటి చాందా క్యాంపులో పనిచేసిన పి.వి. నరసింహారావు దేశ ప్రధాని అయ్యారు. సరిహద్దు లోపలే ఉండి పోరాడినవాళ్లు స్తూపాల మీద పేర్లయ్యారు. ఎవరినీ తక్కువ చేయడానికి కాదు ఈ మాట. కానీ రెండో రకం వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఏటా సెప్టెంబర్ 17న మాత్రం గొడవకి తక్కువ లేదు. 2022లో ఒకే నగరంలో, ఒకే పొద్దున కేంద్రం 'విమోచన' అంది, రాష్ట్రం 'జాతీయ సమైక్యత' అంది. 2024లో కొత్త ప్రభుత్వం 'ప్రజాపాలన' అంది. పేర్లు మూడు. మూడింట్లోనూ కథ 17తో శుభంగా ముగుస్తుంది.

ముగియలేదు. సైన్యం వచ్చాక జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీయే లెక్కగట్టింది. వాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటికి రానివ్వలేదు. ఇటు తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది, ఈసారి అదే భారత సైన్యానికి ఎదురుగా. 17కి ముందు చనిపోయినవాడు అమరుడు, తర్వాత చనిపోయినవాడు శాంతిభద్రతల సమస్య. ఇదెక్కడి న్యాయం?

పాత గాయాలు ఎందుకు కెలకడం అంటారు. గాయం ఉందని ఒప్పుకున్నాక కదా మానడం సంగతి! రజాకార్ల చేతిలో చనిపోయినవాళ్లను తలుచుకుంటే ముస్లింల మీద ద్వేషం కాదు. సైన్యం వచ్చాక చనిపోయిన ముస్లింలను తలుచుకుంటే రజాకార్లకి వత్తాసూ కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకే రాయి మీద పడతాయి.

ఆ హైవే పక్కన, ఆ గీత దగ్గర, ఒక చిన్న రాయి నిలబెడితే చాలు. దాని మీద యుద్ధాన్ని యుద్ధం అని రాయాలి. 17కి ముందూ తర్వాతా అని విడగొట్టకుండా చనిపోయినవాళ్లందరినీ తలవాలి. ఆ రోజుకి ఏం పేరు పెట్టాలో తర్వాత తీరిగ్గా కొట్లాడుకుందాం.