తెర మీద ‘500’ కనిపించినప్పుడు

రాయపూర్ నగరానికి పడమటి దిక్కున, ముంబయి–కోల్‌కతా రహదారి మీద టాటీబంధ్ ఉన్నది. లారీల రాకపోకలతో ఎప్పుడూ సందడిగా ఉండే ఈ ప్రాంతానికి, 2012లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ తరగతులు ఆరంభమైన తరువాత, మరొక రకపు ప్రయాణికులు కూడా రాసాగారు. వారు బస్తర్ నుండి, ఒడిశా నుండి రోగులను వెంటబెట్టుకొని వచ్చే బంధువులు. జగదల్‌పూర్ నుండి బయలుదేరినవారికి అది సుమారు 300 కిలోమీటర్ల ప్రయాణం. పొద్దుపోయి దిగేవారిని వైద్యం సంగతి కంటే ముందు, తల దాచుకొనే చోటు సంగతి బాధిస్తుంది.

అట్టివారి కోసం ఆసుపత్రి చేరువలో ఒక చిన్న బసగృహం ఉన్నదనుకుందాం. గదుల ఖాళీలను తెలుగులోను, హిందీలోను తెలిపే వెబ్‌సైటు దానికి ఉన్నది. ఖర్చు తక్కువ గనుక దానిని షేర్డ్ హోస్టింగు ఖాతాలో పెట్టారు. ఒక సాయంత్రం నిర్వాహకుడు, పాత చిరునామాకు వచ్చినవారు కొత్త పుటకు చేరేటట్లు ఒకే ఒక పంక్తి చేర్చాడు. మరుక్షణం సైటంతా మాయమైంది. ‘500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’ అన్న మాటలు మాత్రం తెల్లని తెర మీద మిగిలాయి. అక్కడ జగదల్‌పూర్‌లో బస్సెక్కబోతున్న కుటుంబానికి గది ఉన్నదో లేదో తెలిసే మార్గం లేదు.

ఈ సంఖ్యలకు ఒక వ్యాకరణం ఉన్నది. 1996 మే నెలలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఆ వ్యవస్థ కనిపిస్తుంది. 4తో ఆరంభమయ్యే సంఖ్య, అడిగినవారి కోరికలో లోపమున్నదని చెబుతుంది. లేని పుటను అడిగితే 404, అనుమతి లేని చోటికి పోతే 403. 5తో ఆరంభమైతే లోపం తనదేనని సర్వరు ఒప్పుకొన్నట్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘తప్పు సర్వరుది, మనది కాదు’ అని చేతులు ముడుచుకొని కూర్చుంటారు. కాని షేర్డ్ హోస్టింగులో, ఆ తప్పు తరచుగా ఖాతాదారు తన చేతులతో వ్రాసిన ఫైలులోనే ఉంటుంది.

షేర్డ్ హోస్టింగు పలు వాటాలున్న అద్దె ఇంటి వంటిది. ఒకే యంత్రం మీద వందలాది సైట్లు కాపురముంటాయి. ప్రధాన అమరికలు ఇంటి యజమాని చేతిలోనే ఉంటాయి. 1995లో వెలువడిన అపాచీ సర్వరు, ఒక్కొక్క వాటాదారు తన గదిని తాను సర్దుకొనేందుకు ‘డాట్ హెచ్‌టీయాక్సెస్’ అనే చిన్న ఫైలును అనుమతిస్తుంది. పేరు చుక్కతో మొదలవడం వలన అది మామూలు జాబితాలో కనిపించదు. దాగిన ఫైళ్లను చూపుమని ప్రత్యేకంగా అడగాలి. సందర్శకుడు పుటను అడిగిన ప్రతిసారీ సర్వరు ఆ ఫైలును చదువుతుంది. అందువలన అందులోని మంచి మార్పు వెంటనే ఫలిస్తుంది. చెడ్డ మార్పు కూడా అంతే. ఒక ఆజ్ఞలో ఒక్క అక్షరం తప్పినా, ఆ ఫైలున్న ఫోల్డరు, దాని లోపలివి అన్నీ మూతబడతాయి.

అక్షరదోషం కాక, మరి రెండు కారణాలు తరచుగా ఎదురవుతాయి. మొదటిది, యజమాని అనుమతించని ఆజ్ఞ. ‘పీహెచ్‌పీ వాల్యూ’ అనే పంక్తి, పీహెచ్‌పీ అపాచీలో ఒక భాగంగా నడిచినంత కాలమే చెల్లుతుంది. సంస్థ దానిని వేరే పద్ధతిలో నడపడం ఆరంభించిన రోజున, ఏళ్ల తరబడి పనిచేసిన ఆ పంక్తే 500 తెస్తుంది. రెండవది, వయసు మీరిన ప్రోగ్రాము. డేటాబేసును పలకరించే పాత ‘మైఎస్‌క్యూఎల్’ ఫంక్షన్లను 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7 నుండి తొలగించారు. కూర్పు మారిన నాడు అవి ఉన్న సైటు కూలబడుతుంది.

కంగారులో కొందరు చేసే పని మరింత ప్రమాదకరమైనది. ఫైళ్ల అనుమతులన్నీ 777గా మార్చివేస్తారు. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1; మొత్తం 7. మూడు అంకెలు వరుసగా యజమానికి, బృందానికి, ఇతరులకు వర్తిస్తాయి. అనగా 777 అంటే తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడం. అదే యంత్రం మీది ఇతర ఖాతాల ప్రోగ్రాములకు కూడా ఆ ఫైళ్లను మార్చే అవకాశం కలగవచ్చు. పైగా కొన్ని సర్వర్లు, అందరూ వ్రాయగల ప్రోగ్రామును నడపడానికి నిరాకరించి మళ్లీ 500నే చూపుతాయి. సాధారణంగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 చాలును.

మరి చేయవలసినదేమిటి? ముందుగా దోషం కనిపించిన సమయాన్ని వ్రాసుకోవాలి. తరువాత కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఎర్రర్ లాగ్’ తెరవాలి. సందర్శకుడికి సర్వరు చెప్పని రహస్యం అక్కడ ఉంటుంది: ఏ ఫైలు, ఏ ఆజ్ఞ అన్నది. అది దొరకనప్పుడు డాట్ హెచ్‌టీయాక్సెస్‌ను తొలగించకుండా, పేరు మాత్రం మార్చి చూడాలి. సైటు తిరిగి లేస్తే దోషి దొరికినట్లే. అప్పుడు పంక్తులను సగం సగంగా తిరిగి చేర్చుతూ పోతే తప్పు పంక్తి బయటపడుతుంది. సైటు లేవకపోతే అనుమతులను, పీహెచ్‌పీ కూర్పును పరిశీలించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు ఒకేసారి మార్చినవాడికి ఏది నయం చేసిందో, ఏది చెరిచిందో తెలియదు. చివరకు సంస్థ సహాయం కోరవలసి వస్తే, ‘సైటు పనిచేయడం లేదు’ అని వ్రాసేకంటే, సమయాన్ని, లాగ్‌లోని పంక్తిని జతపరిస్తే సమాధానం త్వరగా వస్తుంది.

బసగృహం నిర్వాహకుడు లాగ్ తెరిచి చూస్తే, ‘రీరైట్‌రూల్’ అన్న మాటలో ఒక అక్షరం జారిపోయింది. దానిని చేర్చగానే సైటు లేచి నిలబడింది. సరిదిద్దడానికి ఒక్క నిమిషం పట్టింది. కాని మార్పుకు ముందు పాత ఫైలు నకలు ఒకటి దాచి ఉంటే, ఆ కుటుంబం బస్సెక్కే వేళకు ఆ నిమిషం కూడా అవసరమయ్యేది కాదు.