అమ్మ దాచిన చేంతాడు

సోదరీమణులారా, ఉసిరికాయ పచ్చడి నిలువయుంచు విధమును ఈ నెల వ్రాసెదనని మాట యిచ్చియుంటిని. ఆ మాట తప్పినందుకు మన్నింపవేడుచున్నాను. పుష్యమాసమున మా అమ్మగారి ఆబ్దికమునకై తెనాలిలోని పుట్టింటికి పోయివచ్చితిని. అచ్చట వినిన సంగతి నా మనస్సును విడువకున్నది.

అమ్మ గతించి మూడేండ్లయినది. మేము మువ్వురము. పెద్దక్క, అన్నయ్య, వారి తరువాత చాల యేండ్లకు 1988లో పుట్టిన నేను. అక్కకును నాకును పందొమ్మిదేండ్ల యెడము. వారికి తెలిసిన అమ్మ పడుచుది; నాకు తెలిసిన అమ్మ నెరసిన తలతో, కండ్లజోడుతో, భాగవతము ముందు పెట్టుకొని నాచేత పద్యములు వల్లెవేయించిన పెద్దముత్తైదువ.

తద్దినమునాడు వదినె తెల్లవారకముందే మడి గట్టుకొని వంట కుపక్రమించినది. గారెలు, పరమాన్నము, అరటికాయ కూర, నువ్వుల పచ్చడి, అన్నియు సక్రమముగా జరిగినవి. కాకరకాయలో బెల్లము వేయవలెనా వలదా యన్నచోట మాత్రము అక్కకును వదినెకును మాట వచ్చినది. "అమ్మ ఎన్నడూ వెయ్యలేదు" అని అక్క. "అత్తయ్యగారు నాకు నేర్పిందే బెల్లం వేసి" అని వదినె. ఇరువురును నిజమే చెప్పిరి. ఇరువదియేండ్లలో వంట మారకుండునా?

భోక్తలు తృప్తులై వెడలిన పిమ్మట మేమును భుజించి వసారాలో చాపలు పరచుకొని కూర్చుంటిమి. అమ్మ ఒడిలో పడుకొని వినిన కథలను అన్నయ్య చెప్పెను. అక్క తాను తినిన దెబ్బలను చెప్పెను. నన్ను అమ్మ ఒక్కనాడును కొట్టలేదనగా అక్క నవ్వి, "నీకేం తెలుసే, నువ్వు వచ్చేటప్పటికి అమ్మ చేతులు అలిసిపోయాయి" అనెను.

నావంతు రాగా నేను చేంతాటి కథ యెత్తుకొంటిని. మా పడకటింటి తలుపు వెనుక నొక పొడవైన చేంతాడు చుట్టచుట్టి యుండెడిది. నూయి పూడ్చి కొళాయి వచ్చిన తరువాత కూడ అమ్మ దానిని విడువలేదు. ఏటేట వానలు వెనుకబట్టగానే ఎండ బెట్టి, చీకిన పోగులు చూచి, మరల చుట్టి యథాస్థానమున నుంచెడిది. 2016లో సెలవులకు వచ్చినపుడు మా పెరటి దండెమునకు కావలెనని నేను అందులో రెండు బారలు కోసికొంటిని. అమ్మ యేమియు ననలేదు. ఆ రాత్రి అన్నము ముట్టలేదు. "తాటిముక్కకు ఇంత లోభమా అమ్మా!" యని నేను వేళాకోళము చేసితిని. ఈ కథను నవ్వుచునే చెప్పితిని. అన్నయ్యయు నవ్వెను. అక్క నవ్వలేదు.

1977 నవంబరు 19, శనివారమునాటి దివిసీమ ఉప్పెనను మీలో పెద్దలైనవారు మరచియుండరు. సముద్రము పదునైదడుగులకు మించి లేచి తీరపు పల్లెలను తుడిచిపెట్టినది. ప్రభుత్వపు లెక్కయే పదివేలకు చేరువ. మా వారప్పుడు నాగాయలంక చేరువ పల్లెలో నుండిరని, ప్రాణములు దక్కి తెనాలికి వచ్చిరని మాత్రమే నేనెరుగుదును. అక్కకప్పుడు ఎనిమిదేండ్లు, అన్నయ్యకు ఐదు. వారి తరువాత ఐదు నెలల మగశిశు వుండెనని నేనెరుగను. వాడు జ్వరముతో పోయెనని అన్నయ్య నమ్మియుండెను.

నాన్నగారు పనిమీద బెజవాడ పోయియుండిరి. చీకటి పడువేళకు నీరు గడప దాటి నడుములకు వచ్చినది. అమ్మ పిల్లలను అటక యెక్కించి, నూతి చేంతాటితో వారిద్దరిని దూలమునకు కట్టివైచినది.

"ఆ తాడు కురచది. ఇద్దరికే సరిపోయింది" అనెను అక్క. "చంటివాణ్ణి పైటతో తనకే కట్టుకుంది. అర్ధరాత్రి గోడ పడింది. తెల్లవారేటప్పటికి పైట వుంది."

అన్నయ్య తల వంచుకొని చాపపుల్లలు త్రుంపుచుండెను. మరునాడు తమ్ముని కొరకు ఏడ్చిన అక్కను అమ్మ చెంపపై కొట్టినదట. మొదటి దెబ్బ అదియే. తాను బ్రదికియున్నంతకాలము వాని పేరెత్తరాదని ఒట్టు వేయించుకొన్నదట. తెనాలిలో కాపురము పెట్టిననాడు పొయ్యికన్న ముందు కొనినది చేంతాడు; పొడవైనది చూచి కొనినది.

నాకు భాగవతములోని అష్టమస్కంధము గుర్తునకు వచ్చినది. గజేంద్రమోక్షమును అమ్మ నాకు ముమ్మారు చెప్పినది. ఆ స్కంధము చివరనున్న మత్స్యావతారకథ దగ్గరకు రాగానే, "ఇది నువ్వే చదువుకో" యని లేచి పోయెడిది. ప్రళయజలములలో సత్యవ్రతుని ఓడను మహామత్స్యము కొమ్మునకు కట్టుటకు వాసుకియే త్రాడైన కథ యది. వంటపని యున్నదేమో యనుకొనెడిదానను.

పండ్లు రాని శిశువునకు తర్పణవిధి లేదందురు. అన్నయ్యకది తెలియనిది కాదు. అయినను సందెవేళ మరల స్నానము చేసి, చెంబుతో నీళ్లు తీసికొని తులసికోట కడకు పోయెను. అక్క వాని పేరు చెప్పెను. ఎవరును వలదనలేదు. ఆ పేరు నేనిక్కడ వ్రాయను.

ఇంటికి వచ్చినది మొదలు పెరటి దండెము చూచినప్పుడెల్ల నాకు అన్నము సయించలేదు. మా వారితో చెప్పగా, బడికి పోబోవుచున్నవారు ఆగి, తామే దానిని విప్పి యిచ్చిరి. ఎండకు వానకు నలిగి కొంత చీకినది. చుట్టచుట్టి అక్కకు పంపితిని. తక్కిన తాడు అన్నయ్య తలుపు వెనుకనే యున్నది.

ఉసిరికాయ పచ్చడి వచ్చే నెల తప్పక వ్రాసెదను.