ఉడుత గుండెలో ఒక్క మందే లేదు

అలాస్కా ఉత్తరాన ఏడాదిలో సగానికి పైగా బొరియలోనే గడిపే నేల ఉడుత శరీర ఉష్ణోగ్రత మైనస్ 2.9 డిగ్రీల దాకా పడిపోతుందని బ్రయన్ బార్న్స్ 1989లో లోకానికి చూపించారు. మనిషి ఒంటి వేడి 28 డిగ్రీల కిందికి దిగితే చాలు, గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ముంచుకొస్తుంది. సుప్తావస్థలో ఉన్న ఉడుత గుండె మాత్రం నిమిషానికి ఏ నాలుగైదు సార్లో కొట్టుకుంటూనే ఉంటుంది. ఈ వింత వార్తల్లోకెక్కిన ప్రతిసారీ మనిషిని నిద్రపుచ్చి అంగారకుడికి పంపే ముచ్చట మొదలవుతుంది. ఆ ముచ్చట మీద నాకు నమ్మకం తక్కువ. ఉడుత నుంచి మనం నేర్చుకోవాల్సింది, మార్పిడి కోసం తీసిన దాత గుండెను ఇంకొన్ని గంటలు కాపాడే ఉపాయం.

అసలు ఒళ్లు చల్లబడినందుకు ఆ గుండె నెమ్మదించదు. వేగస్ నాడి ముందుగా గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఉష్ణోగ్రత ఆ తర్వాతే పడిపోతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కండర కణంలోకి కాల్షియం విడుదల కావాలి, వెంటనే దాన్ని వెనక్కి తోడేయాలి. చలిలో మన కణాలు ఈ తోడే పని సరిగా చేయలేవు. కాల్షియం లోపలే పేరుకుంటుంది, లయ చెడుతుంది. ఉడుతలో ఆ పంపు చలిలోనూ చురుగ్గా పనిచేస్తుంది. పైగా బయటి నుంచి కణంలోకి వచ్చే కాల్షియమే తగ్గిపోతుంది. ఇంధనం కూడా చక్కెర నుంచి కొవ్వుకు మారుతుంది. ఇంతకన్నా ఆశ్చర్యం మరొకటుంది. రెండు మూడు వారాలకోసారి ఆ ఉడుత ఒళ్లు తిరిగి వెచ్చబడుతుంది, గంటల వ్యవధిలో గుండె వేగం వందల్లోకి ఎగబాకుతుంది. రక్తప్రసరణ మందగించి మళ్లీ జోరందుకున్నప్పుడు మన గుండె కణాలు దెబ్బతింటాయి. ఉడుత గుండెకు అంత హాని కలగదు.

ఇన్ని ఏర్పాట్ల వెనుక ఏదో ఒక్క రసాయనం ఉండాలని ఆశపడినవారు లేకపోలేదు. టొరంటో సర్జన్ విల్‌ఫ్రెడ్ బిగెలో ఉడుతలాగే సుప్తావస్థలోకి వెళ్లే గ్రౌండ్‌హాగ్‌లను వందలకొద్దీ పెంచి దానికోసం ఏళ్ల తరబడి వెతికారు. దొరకలేదు. అయితే ఒంటిని చల్లబరిచి గుండె తెరవవచ్చన్న ఆయన ఆలోచనతోనే 1952లో మిన్నెసోటాలో ఓ చిన్నారికి ఆపరేషన్ జరిగింది. 2005లో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో ఎలుకలను సుప్తావస్థ లాంటి స్థితిలోకి దింపారు. గొర్రెల మీద అది పారలేదు. ఉడుత వేరు, మనిషి వేరు అనేవారి మాట నిండు మనిషిని నిద్రపుచ్చే విషయంలో నిజమే. గుండె కణం దగ్గరికొస్తే ఆ మాట అంత బలంగా నిలవదు. మనలాగే ప్రైమేట్ అయిన మడగాస్కర్ మరుగుజ్జు లీమర్ నెలల తరబడి సుప్తావస్థలో ఉంటుంది. అంటే ఈ శక్తి ఉడుతల సొంత ఆస్తి కాదు.

అసలు గట్టి అభ్యంతరం మరొకటి. ఉడుత వారాల ముందు నుంచే సిద్ధమవుతుంది, దాత గుండెకు ఆ వ్యవధి ఉండదు. ఇంధనం మార్చడం లాంటివి అందుకే ఇక్కడ అక్కరకు రాకపోవచ్చు. కాల్షియం చొరబాటును అడ్డుకోవడం, రక్తం తిరిగి అందే క్షణాల్లో కణాన్ని కాపాడటం మాత్రం గంటల్లో సాగే పనులే. మంచులో భద్రపరిచిన గుండెకు మామూలుగా నాలుగు గంటలే గడువు. 2025 జనవరిలో హైదరాబాద్ మెట్రో ఓ గుండెను 13 నిమిషాల్లో 13 కిలోమీటర్లు దాటించింది కూడా అందుకే. గుండెను వెచ్చగా కొట్టుకునేలా ఉంచే యంత్రాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, కానీ వాటి ధర జిల్లా ఆసుపత్రులకు అందేది కాదు. మంచుపెట్టెలో పోసే ద్రావణాన్ని మెరుగుపరచడం అంతకంటే చవక. అంగారక యాత్రకు పెట్టే డబ్బులో కొంతైనా ఆ ద్రావణం మీద పెట్టమనే నేనడిగేది.