కోత తగ్గింది, క్యూ తగ్గలేదు

మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. 2006 నుంచి ఏటా వస్తోంది. ఇప్పుడు కిడ్నీ ఊసెత్తితే చాలు, వెనకే రోబో ఆపరేషన్ల ముచ్చటా వస్తుంది. రావాల్సిందే, అది చిన్న విద్య కాదు. కానీ సింగపూర్ బిషాన్‌లో ఒక హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహాల) బ్లాకు కింది అంతస్తులో కిడ్నీ డయాలసిస్ ఫౌండేషన్ కేంద్రం ఉంది. మామూలుగా డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల చొప్పున యంత్రాన్ని అంటిపెట్టుకుని కుర్చీలో ఉండటం. ఆ కుర్చీలోంచి ఎంతమందిని రోబో లేపగలదు? ఈ రోజున అడగాల్సింది అది.

ముందు రోబో గొప్ప చెప్పుకుందాం. రోబో తనంతట తాను కోయదు. సర్జన్ అదే గదిలో కన్సోల్ ముందు కూర్చుని వేళ్ళు కదిపితే, రోగి కడుపులోని సన్నటి పనిముట్లు మణికట్టులా తిరుగుతాయి. చేతి వణుకు వాటిదాకా చేరదు. ‘డా విన్సీ’ యంత్రానికి అమెరికా ఎఫ్‌డీఏ 2000లో అనుమతి ఇచ్చింది. కిడ్నీలో గడ్డ ఉంటే ఒకప్పుడు కిడ్నీ మొత్తం తీసేసేవాళ్ళు. ఇప్పుడు చాలామందికి గడ్డవరకే తీసి మిగతాది దక్కిస్తున్నారు. గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు కిడ్నీల గుండానే పోతుంది. అందుకని ధమనికి క్లిప్పు పెట్టి, గడ్డ కోసి, కుట్లు వేసి, వీలైతే అరగంట లోపే క్లిప్పు తీసేయాలి. ఆ అరగంటలో రోబో ఎంత ఖరీదైనా దండగ అనలేం.

ఈ కథలో తెలుగు చెయ్యి కూడా ఉంది. అమెరికాలో ఐటీ కంపెనీ పెట్టి ఎదిగిన రాజ్ వట్టికూటి 2001లో డెట్రాయిట్ హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి రెండు కోట్ల డాలర్లు ఇచ్చారు. అక్కడి యూరాలజీ సంస్థ ఆయన పేరే పెట్టుకుంది. అక్కడి మణి మీనన్ బృందం, గురుగ్రామ్ మేదాంత ఆసుపత్రి కలిసి 2013లో కిడ్నీ మార్పిడికే రోబోను దించాయి. కుట్లు పూర్తయ్యేదాకా కొత్త కిడ్నీని మంచుముక్కలతో చల్లగా ఉంచే పద్ధతి తెచ్చాయి. మామూలు మార్పిడిలో పొత్తికడుపు పక్కన పెట్టే పొడుగాటి కోత ఇందులో బాగా తగ్గుతుంది. స్థూలకాయులకు కోత చీముపట్టే బెడదా తగ్గుతుంది. తక్కినవాళ్ళకు ఆ ఖర్చుకు తగ్గ లాభం ఎంతన్న దాని మీద సర్జన్లలోనే వాదం ఉంది.

మా దృష్టిలో కిడ్నీ మార్పిడిని ఇంతకంటే ఎక్కువ మార్చింది 1995లో బాల్టిమోర్‌లో జరిగిన ఆపరేషన్. జాన్స్ హాప్‌కిన్స్‌లో మొదటిసారి దాత కిడ్నీని కీహోల్ పద్ధతిలో బయటికి తీశారు. అంతకుముందు ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషి నడుము పక్కన పెద్ద కోత భరించాల్సి వచ్చేది. కోత తగ్గాక ‘నేనిస్తాను’ అని ముందుకొచ్చేవాళ్ళు పెరిగారు. భారతదేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే: అమ్మ, భార్య, అక్క. రోబోను ఆపరేషన్ చేయించుకున్న మగవాడి ఫొటోతో కాక, ఇచ్చిన ఆవిడ ఎన్నాళ్ళకు పనిలోకి వెళ్ళిందో చూసి బేరీజు వేస్తే బాగుంటుంది.

ఎంత నేర్పుగా కుట్టినా, కుట్టడానికి కిడ్నీ కావాలి కదా. సింగపూర్‌లో మరణించిన దాత కిడ్నీతో మొదటి మార్పిడి 1970లోనే జరిగింది. 1987లో అవయవ మార్పిడి మీద హోటా చట్టం వచ్చింది. దాని ప్రకారం వద్దని రాసి ఇవ్వకపోతే చనిపోయాక కిడ్నీలు ఇవ్వడానికి ఒప్పుకున్నట్టే. 21 ఏళ్ళు నిండిన పౌరులకే కాదు, పీఆర్‌లకూ (శాశ్వత నివాసులకూ) ఇది వర్తిస్తుంది. వద్దని రాసిచ్చినవాళ్ళకు, రేపు తమకే అవయవం కావాల్సి వస్తే క్యూలో వెనక చోటు దొరుకుతుంది. బిషాన్‌లో ఇల్లు కొనుక్కున్న మన పీఆర్ కుటుంబాల్లో ఈ సంగతి భోజనాల దగ్గర ఎన్నడైనా మాట్లాడుకున్నవి ఎన్ని? ఆసుపత్రి వరండాలో హఠాత్తుగా తెలియడం కంటే ఇంట్లో తెలిసి ఉండటం నయం. ఇంత చట్టం ఉన్నా క్యూ ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. పనికొచ్చే స్థితిలో దొరికే అవయవాలు తక్కువ, చెడే కిడ్నీలు ఎక్కువ.

చెడగొట్టేది ఎవరో తెలియనిదేం కాదు. సింగపూర్‌లో కొత్తగా కిడ్నీలు విఫలమయ్యేవాళ్ళలో మూడింట రెండు వంతులకు మూలం షుగరే. 2016లో ప్రభుత్వం షుగర్ మీద యుద్ధం ప్రకటించింది. 2022 చివర నుంచి డబ్బా పానీయాలకు ఎ నుంచి డి దాకా గ్రేడుల పద్ధతి పెట్టింది. పాడైన నెఫ్రాన్ మళ్ళీ మొలవదు, దాన్ని బాగుచేసే రోబో లేదు. మూత్రంలో ఆల్బుమిన్ పోతోందేమో చూసే పరీక్ష మాత్రం ఉంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఏటా చేయాలి. చౌకైంది కాబట్టో ఏమో, దానికి ప్రారంభోత్సవాలు ఉండవు.

ఆంధ్రప్రదేశ్‌లో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ మాత్రం స్పష్టత కూడా లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్ళకు షుగర్, బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి. నీరా, ఎండా, మరొకటా అన్నది దశాబ్దాల పరిశోధన తర్వాతా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి తెరిచారు. సింగపూర్ తెలుగు సంఘాలు ఈ మార్చిలో చందా పోగుచేసి పంపదలిస్తే, ఏ యంత్రానికో కాకుండా ఆ ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి క్రియాటినిన్ పరీక్షలు చేయించే పనికి పంపాలని మా సలహా.