ఐదో తారీఖుకీ ఏడో తారీఖుకీ మధ్య

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి,



విజయవాడ సింగ్‌నగర్ నుంచి రాస్తున్నాను. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా వారు మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు చూస్తారు. ఇద్దరి జీతాలూ కలిపితే 45 వేలు. అందులో ఇంటి అప్పు వాయిదా 16,906. ఇల్లు కొనుక్కున్నందుకు చింత లేదు, అప్పు తీర్చలేమన్న భయమూ ఇప్పటికైతే లేదు. నా గొడవంతా తారీఖు గురించి.

మా వాయిదా ఐదో తారీఖున పోతుంది. మా వారి జీతం ఏడున పడుతుంది. అలాగని ఆయన యజమానిని అనడానికి లేదు. వెయ్యి మంది లోపు పనిచేసే చోట ఏడు దాటకుండా జీతం ఇస్తే చాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా నెల జీతానికి ఆ ఏడో తారీఖునే ఉంచింది. ఇక నా జీతం ఎనిమిదికో, పదికో. పిల్లల ఫీజులు వస్తేగానీ మా కరస్పాండెంటు గారు జీతాలివ్వరు, జీతాలు పడితేగానీ తల్లిదండ్రులు ఫీజులు కట్టరు, వాళ్లలో చాలామందికి జీతమిచ్చేది మా వారి యజమాని లాంటి చిన్న వ్యాపారులే. జీతం ఇచ్చేవాళ్లకు ఏడు దాకా గడువుంది. తీసుకునేవాళ్ల ఖాతాలోంచి మాత్రం ఐదునే లాగేస్తారు. మధ్యలో ఆ రెండు రోజులు ఎవరు మొయ్యాలో ఎక్కడా రాసిలేదు కాబట్టి మేం మోస్తున్నాం.

ఎలా మోస్తామో 2025 దసరా సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. దసరాకి బెజవాడలో చుట్టాలు రాని ఇల్లుండదు. మూలా నక్షత్రం నాటికే మా ఆడపడుచు వాళ్లు నలుగురు, మా అన్నయ్య వాళ్లు ముగ్గురు దిగారు. కొండ మీద అమ్మవారి దర్శనానికని వచ్చిన ఆడపిల్లను జాకెట్టు ముక్క కూడా పెట్టకుండా పంపం కదా. అక్టోబరు 2న పండగ. 4న రాత్రి ఆఖరి వాళ్లను బస్సెక్కించి వచ్చి ఫోన్లో చూస్తే ఖాతాలో 9,312 ఉంది. మామూలుగా నాలుగో తారీఖు రాత్రి పైపోర్షన్ వదిన గారి దగ్గర చేబదులు తెస్తాను, ఎనిమిదిన ఇచ్చేస్తాను. ఆ రాత్రి వాళ్లింటికి తాళం. పండగకు ఊరెళ్లారు. మర్నాడు ఆదివారం, ఆదివారం బ్యాంకులెక్కడుంటాయిలే అని పడుకున్నాను.

అది పాత కాలపు ధీమా. వాయిదాలు లాగే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుంచి వారానికి ఏడు రోజులూ నడుస్తోంది. ఇకపై ఆదివారం కూడా జీతాలు పడొచ్చని అప్పట్లో పేపర్లో చదివి సంతోషపడ్డదాన్నే. పడొచ్చు, వేసే మనిషి ఆఫీసుకొస్తే. ఆ ఆదివారం పొద్దున్న నా ఫోన్లో రెండు మెసేజీలున్నాయి. వాయిదా బౌన్స్ అయినందుకు అప్పిచ్చిన బ్యాంకు పన్నుతో కలిపి 590 వేసింది. ఖాతాలో డబ్బు లేనందుకు జీతం పడే బ్యాంకు ఇంకో 295 కోసింది. వెరసి 885, అప్పట్లో దాదాపు ఒక గ్యాస్ బండ ఖరీదు. సోమవారం ఎనిమిదీ అయిదుకు ఫోను. ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలు ఫోన్లు చెయ్యకూడదని మీరు 2022లో పెట్టిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. స్కూల్లో ప్రార్థన మొదలవబోతోంది. అవతల హిందీలో ఎవరో అడుగుతున్నారు, ఎప్పుడు కడతారని. ‘జీతం పడగానే’ అన్నాను. ఆ మాట వాళ్ల రికార్డులో ఎలా రాసుకున్నారో నాకు తెలీదు.

ఇదే మాట మా వీధి చివర పచారీ కొట్టాయనతో అంటే ‘సరేనమ్మా’ అని చిట్టాలో గీత గీస్తాడు. పాలబ్బాయీ అంతే. మా జీతాలు ఏ రోజున పడతాయో వాళ్లకు నోటికొచ్చు. పచారీ ఆయన ధర్మాత్ముడేమీ కాదు, కందిపప్పు మార్కెట్టు కంటే కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువే వేస్తాడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ బాకీ వసూలు కావాలంటే ఇంట్లోకి డబ్బొచ్చే రోజు చూసుకుని అడగాలన్న తెలివి ఆయనకుంది. ఇంత పెద్ద బ్యాంకుకు అది ఎందుకు లేదు?

మీకు తెలియని విషయం కాదిది. క్రెడిట్ కార్డు బిల్లింగ్ తారీఖును కనీసం ఒక్కసారైనా మార్చుకునే వీలు ఖాతాదారుకు ఉండాలని మీరే రాశారు. కార్డు బాకీ గడువు దాటినా మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వెయ్యాలన్నారు. 2022లో సూక్ష్మరుణాలకు ఇచ్చిన ఆదేశాల్లో, వాయిదాలు ఎన్నాళ్లకోసారి కట్టాలన్నది అప్పు తీసుకునేవాళ్ల వీలును బట్టి ఉండాలన్నారు. పంట రుణమైతే సరేసరి. తక్కువ కాలపు పంటకు తీసుకున్న అప్పు రెండు సీజన్లు దాటి బాకీ పడితేగానీ మొండి బకాయి లెక్కలోకి రాదు. రైతు చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో ఆలోచించే కదా అలా పెట్టారు? పంటకు రెండు సీజన్లు ఆగినవాళ్లు జీతానికి రెండు రోజులు ఆగలేరా?

ఇంటి అప్పు దగ్గరికొచ్చేసరికి గడియారం మారిపోతుంది. గడువు తేదీ రోజున బ్యాంకు పద్దులు మూసే సమయానికే ఖాతాకు బాకీ ముద్ర పడాలని 2021 నవంబరులో మీరే స్పష్టం చేశారు. పెద్ద పెద్ద కంపెనీలు నెలల తరబడి బకాయిలు దాచిపెట్టకుండా అలాంటి పట్టు అవసరమే, కాదనను. కానీ అదే కొలబద్దతో అక్టోబరు 5 రాత్రి నన్నూ కొలిచారు. పైగా 2025 జనవరి నుంచి అప్పుల సమాచారం పదిహేను రోజులకోసారి క్రెడిట్ సమాచార కంపెనీలకు వెళ్లడం మొదలైంది.

‘ఒక నెల వాయిదా డబ్బు ఎప్పుడూ ఖాతాలో ఉంచుకోండమ్మా’ అన్నారు మా బ్రాంచి మేనేజరు గారు. మర్యాదగానే అన్నారు. నిజానికి ఆ పనీ చేశాం. లక్ష రూపాయల చీటీని ఆరో నెలలోనే, 22 వేలు పోగొట్టుకుని పాడుకున్నాం. అందులోంచి ఒక వాయిదా సొమ్ము పక్కన పెట్టాం. నాలుగు నెలలు హాయిగా నిద్రపోయాను. ఐదో నెలలో మా అత్తగారికి కంటి ఆపరేషన్. అక్కడితో సరి. మళ్లీ పోగేద్దామంటే జూన్ వచ్చింది, అబ్బాయి ఫీజు, పుస్తకాలు.

తారీఖు మార్చమని మేనేజరు గారినే అడిగాను. సిస్టంలో ఆ ఆప్షన్ లేదన్నారు. కొన్ని బ్యాంకులు అడిగితే మారుస్తాయని మా తోటి టీచరు చెప్పింది, ఆమె అదృష్టం. మార్చినందుకు బ్యాంకు నష్టపోవాలని నేను అనడం లేదు. ఐదు నుంచి ఎనిమిదికి మారిస్తే ఆ ఒక్క నెల మూడు రోజుల వడ్డీ అదనంగా పడుతుంది. లెక్క వేశాను, 19 లక్షల బాకీ మీద 8.25 శాతం చొప్పున 1,290 రూపాయలు. దాదాపు ఒకటిన్నర బౌన్సుల ఖరీదు. సంతోషంగా కడతాను.

మీ నియమాల వల్ల మాకు మేలు జరగలేదని అనుకోకండి. జరిగిన మేలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2022 జనవరిలో 7 శాతానికి 20 లక్షలు తీసుకున్నాం. ఇరవై ఏళ్లు, వాయిదా 15,506. ఆ మే నెల నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా మీరు రెపో రేటును 4 నుంచి 6.50 శాతానికి పెంచారు. వాయిదా మారలేదు కాబట్టి మాకేమీ కాలేదనే అనుకున్నాం. కొన్నాళ్లకు బ్యాంకు వాయిదాను 16,906 చేసింది, సరే పెంచారు కదా అని ఊరుకున్నాం. వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లను అడగాలని, మూడు నెలలకోసారి లెక్క చూపాలని 2023 ఆగస్టులో మీరు ఆదేశించారు. ఆ కాగితం చేతికొచ్చాక పాత స్టేట్‌మెంట్లు కూడా తీసి చూస్తే అసలు సంగతి తెలిసింది. 2023 మొదటి మూడు నెలల్లో, మేం కట్టిన ఒక్కో 15,506లో అసలుకు పోయింది మూడు వందల చిల్లర. తక్కినదంతా వడ్డీ. ఆఖరి వాయిదా 2042లో ఉండాల్సింది 2050కి వెళ్లింది. అప్పటికి మా వారికి డెబ్బై ఏళ్లు. ఆయన ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, ‘అప్పటికి నాకు జీతం ఎవరిస్తారే?’ అన్నారు. 2025లో మీరు రేట్లు తగ్గించాక వాయిదాను కదపకుండా గడువునే తగ్గించమన్నాం. ఇప్పుడది 2044కు దిగింది. ఆ ఒక్క కాగితం రాకపోతే మేం అడిగేవాళ్లమే కాదు.

అలాంటిదే ఇంకొక్క ఆదేశం కావాలి. ఇల్లు, బండి, ఫ్రిజ్ దేనికి అప్పిచ్చినా సరే, వాయిదా తారీఖు ఏదన్నది సంతకం పెట్టే రోజునే మమ్మల్ని అడగాలి. ఉద్యోగం మారితే జీతం పడే రోజు కూడా మారుతుంది, కాబట్టి ఏడాదికోసారి మార్చుకోనివ్వాలి. మీరు కార్డులకిచ్చిన ఆ మూడు రోజులూ వీటికీ ఇస్తే, మా బెజవాడలో దసరా ఏ తారీఖున వచ్చినా మాకు దిగులుండదు.

ఇట్లు,
ఒక ఖాతాదారు,
సింగ్‌నగర్, విజయవాడ.

తా.క.: పైపోర్షన్ వదిన గారికీ వాయిదా ఉంది, ఆవిడది పదో తారీఖు. నాలుగున ఆవిడ నాకిస్తుంది, ఎనిమిదిన నేను తిరిగిస్తాను, ఆ డబ్బే పదిన ఆవిడ వాయిదాకు పోతుంది. పైన రాసిందంతా ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని, ‘నీ తారీఖు మారుస్తే మార్చారు గానీ, పదికి మాత్రం మార్చొద్దని రాయి’ అంది.